కమీషన్ లెక్కకు ఏ సాఫ్ట్‌వేర్ మేలు? పట్టీ చూపగలిగిందే నమ్మదగినది

మిరప యార్డులో గాని, పత్తి మార్కెట్టులో గాని సరుకు అమ్ముకున్న రైతు చేతికి ఒక పట్టీ వస్తుంది. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాలు ధర ఎంత పలికింది, ఏ కోత కింద ఎంత పోయింది, నికరంగా ముట్టేదెంత అన్నది వరుసగా అందులో ఉంటుంది. లెక్క నచ్చకపోతే ఫలానా వరుస దగ్గర వేలు పెట్టి అడగడానికి వీలుంటుంది. అదే సరుకు నూనె అయి, కారం అయి, పప్పు అయి డబ్బాల్లోకి, పొట్లాల్లోకి చేరిన తరువాత దానిని ఊరూరా తిరిగి అమ్మే సేల్స్‌మన్‌కు మాత్రం నెలాఖరున చాలా సంస్థలలో ఒకే ఒక అంకె అందుతుంది. ఇన్సెంటివ్ ఇంత అని. ఆ అంకె ఏ అమ్మకం మీద, ఏ రేటున, ఏ కోత పోను వచ్చిందో అతనికి తెలియదు. లెక్క వేసిన గుమాస్తాకు తప్ప మరొకరికి తెలిసే అవకాశమూ తక్కువే.

అందుచేతనే లైనుకు వెళ్ళే ప్రతి సేల్స్‌మన్ జేబులోనూ ఒక చిన్న పుస్తకం ఉంటుంది. ఆఫీసు లెక్క మీద నమ్మకం చాలక అతను తన లెక్క తాను రాసుకుంటాడు. ఐదో తారీఖున రెండు లెక్కలూ కలవకపోతే ఆ రోజు లైను తప్పుతుంది, మేనేజరు గదిలో వాదన మొదలవుతుంది. ఒక్కొక్కసారి మంచి మనిషి ఎదుటి కంపెనీకి వెళ్ళిపోవడంతో అది ముగుస్తుంది.

ఈ చిక్కును తీర్చడానికంటూ కమీషన్, ఇన్సెంటివ్ లెక్కల సాఫ్ట్‌వేర్లు అనేకం మార్కెట్టులోకి వచ్చాయి. ఎక్సెల్ పట్టికల మొదలు విదేశీ కంపెనీల చందా సాఫ్ట్‌వేర్ల దాకా ఎంపికకు కొరత లేదు. కొరత ఉన్నదల్లా పోల్చి చూసే కొలబద్దకే. అమ్మేవారు చూపించే రంగుల బొమ్మలను పక్కన పెట్టి, రైతు పట్టీ వంటి పట్టీని సేల్స్‌మన్‌కు ఇవ్వగలదా లేదా అని చూడడమే సరైన కొలబద్ద అని చెప్పవచ్చు.

ఒకే అమ్మకం, రెండు కమీషన్లు

సాఫ్ట్‌వేర్ వెతకడానికి ముందు స్కీమును కాగితం మీద పెట్టవలసి ఉన్నది. తగాదాలలో ఎక్కువ భాగం కంప్యూటరు లేకపోవడం వల్ల వచ్చినవి కావు. స్కీము మాటలు రెండు విధాలుగా అర్థమయ్యేటట్లు ఉండడం వల్ల వచ్చినవి.

ఉదాహరణకు వంటనూనెల డిస్ట్రిబ్యూటరు ఒకరు నెలకు 10 లక్షల రూపాయల లక్ష్యం పెట్టి, లక్ష్యం వరకు 1 శాతం, లక్ష్యం దాటితే ఒకటిన్నర శాతం కమీషన్ ప్రకటించారనుకోండి. సేల్స్‌మన్ 12 లక్షల సరుకు అమ్మాడు. దాటిన 2 లక్షలకు మాత్రమే ఒకటిన్నర శాతం అనుకుంటే 10,000కు 3,000 కలిపి 13,000 రూపాయలు వస్తుంది. లక్ష్యం దాటినందుకు మొత్తం అమ్మకానికి ఒకటిన్నర శాతం అనుకుంటే 18,000 వస్తుంది. ఒకే అమ్మకం, ఒకే ప్రకటన, తేడా 5,000 రూపాయలు. యజమాని మొదటి అర్థంతో స్కీము ప్రకటిస్తాడు, సేల్స్‌మన్ రెండవ అర్థంతో నెలంతా తిరుగుతాడు.

వచ్చే నెలలో 3 లక్షల సరుకు వాపసు వచ్చిందనుకోండి. ఇప్పుడు అసలు అమ్మకం 9 లక్షలు, న్యాయంగా రావలసిన కమీషన్ 9,000. మొదటి పద్ధతిలో 4,000, రెండవ పద్ధతిలో 9,000 రూపాయలు తిరిగి రాబట్టుకోవలసి వస్తుంది. పాత నెలను తిరిగి లెక్కించే ఓపిక లేక వాపసు సరుకు మీద 1 శాతం కోసుకుంటే 3,000, ఒకటిన్నర శాతం కోసుకుంటే 4,500 అవుతుంది. ఒక్క వాపసుకు నాలుగు జవాబులు. వీటిలో ఏది సరైనదో చెప్పవలసింది యజమాని. చెప్పినదానిని నెల నెలా మరచిపోకుండా అమలు జరపడమే సాఫ్ట్‌వేర్ పని.

ఇదే విధంగా తేల్చుకోవలసిన ప్రశ్నలు మరికొన్ని ఉన్నాయి. కమీషన్ బిల్లు వేసిన రోజుకా, డబ్బు వసూలయిన రోజుకా? సరుకు విలువ మీదా, జి.ఎస్.టి. కలిపిన మొత్తం మీదా? చెక్కు బౌన్సయితే ఇచ్చిన కమీషన్ ఏమవుతుంది? నెల మధ్యలో లైను మారితే పాత సేల్స్‌మన్ తెచ్చిన ఆర్డరు ఎవరి ఖాతాకు పోతుంది? వీటికి జవాబులు ఒక పేజీలో రాసి సంతకం చేయలేని సంస్థ ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా ప్రయోజనం ఉండదు. అయోమయపు స్కీమును కంప్యూటరుకు ఎక్కిస్తే అయోమయం వేగంగా లెక్క అవుతుంది, అంతే.

ధర పెరిగితే అది ఎవరి గొప్ప?

సరుకుల వ్యాపారంలో మరొక చిక్కు ఉన్నది. సబ్బులకు, బిస్కెట్లకు ధర నెలల తరబడి నిలకడగా ఉంటుంది. నూనెలు, పప్పులు, మిరప వంటి వాటికి అలా కాదు. రూపాయలలో లక్ష్యం పెడితే సేల్స్‌మన్ కష్టం కన్న మార్కెట్టు ధోరణే అతని కమీషన్‌ను నిర్ణయిస్తుంది.

2024 సెప్టెంబరు 14 నుంచి ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మౌలిక కస్టమ్స్ సుంకాన్ని కేంద్ర ప్రభుత్వం సున్నా నుంచి 20 శాతానికి, రిఫైండు నూనెల మీద 12.5 నుంచి 32.5 శాతానికి పెంచింది. తిరిగి 2025 మే నెలాఖరులో ముడి నూనెల సుంకాన్ని 10 శాతానికి తగ్గించింది. ఇటువంటి మార్పు వచ్చినపుడు రూపాయల లక్ష్యం ఏమవుతుందో చూడండి. 15 కిలోల డబ్బా 2,000 రూపాయలున్నపుడు 10 లక్షల లక్ష్యం అంటే 500 డబ్బాలు. డబ్బా 2,250కి పెరిగితే 445 డబ్బాలతోనే లక్ష్యం దాటిపోతుంది. 1,750కి పడిపోతే 572 డబ్బాలు అమ్మవలసి వస్తుంది. పెరిగినపుడు యజమానికి దండుగ, పడినపుడు సేల్స్‌మన్‌కు శిక్ష. ఇద్దరి తప్పూ లేదు.

అందువల్ల సరుకుల వ్యాపారంలో లక్ష్యాలను టన్నులలోనో, డబ్బాలలోనో పెట్టడం మేలని అనుభవజ్ఞులైన వర్తకులు భావిస్తారు. అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు కొలతల మార్పిడి రావాలి. 15 కిలోల డబ్బా, 1 లీటరు ప్యాకెట్లు పన్నెండు ఉన్న పెట్టె, 5 లీటర్ల క్యాను అన్నీ కలిపి టన్నుల లెక్కకు తేవాలి. నూనె లీటరంటే కిలో కాదు, సుమారు 910 గ్రాములు. పన్నెండు లీటర్ల పెట్టె 12 కిలోలుగా లెక్క పడితే పెట్టెకు కిలో పైచిలుకు దొంగ లెక్క చేరినట్లే. విదేశీ సాఫ్ట్‌వేర్లు ప్రధానంగా రూపాయలను, డాలర్లను చూసి లెక్క వేసే అమ్మకాలకు అలవాటుపడినవి. కొలతల సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఎక్సెల్: చవక, కాని కాపలా కావాలి

కొనుగోలు ఖర్చు దాదాపు లేనిది ఎక్సెల్. పదిమంది లోపు సేల్స్‌మన్లు, ఒకటి రెండు శ్లాబులు ఉన్న సంస్థకు ఇదే చాలు. స్కీము మారితే ఆ సాయంత్రమే మార్చుకోవచ్చు. గుమాస్తాకు కొత్తగా నేర్పవలసింది ఉండదు.

ప్రమాదం కూడా ఆ సౌకర్యంలోనే ఉన్నది. ఎవరైనా ఏ గడినైనా మార్చవచ్చు, మార్చిన గుర్తు మిగలదు. సూత్రం ఉండవలసిన గడిలో చేత్తో అంకె కొట్టి మరచిపోవడం సర్వసాధారణం. గుమాస్తా సెలవు పెడితే ఫైలు అర్థం చేసుకునేవారుండరు.

పెద్ద సంస్థలు కూడా దీనికి అతీతం కావు. 2020 సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ కోవిడ్ పరీక్షల ఫలితాలను పాత తరహా ఎక్సెల్ ఫైలులోకి ఎక్కించింది. ఆ తరహా ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. మిగిలిన వరుసలు చప్పుడు లేకుండా జారిపోయి 15,841 కేసులు సకాలంలో లెక్కకు రాలేదు. కొత్త ఎక్సెల్‌లో 10,48,576 వరుసలు పడతాయి కాబట్టి డిస్ట్రిబ్యూటరుకు ఆ భయం లేకపోవచ్చు. కాని తప్పు జరిగినపుడు పట్టిక తనంతట తాను చెప్పదన్న నీతి మాత్రం అందరికీ వర్తిస్తుంది.

ఎక్సెల్‌తోనే సాగించదలచినవారు మూడు జాగ్రత్తలు పాటించాలి. బిల్లుల వివరాలు ఒక షీటులో, రేట్లు మరొక షీటులో, ఫలితం మూడవ షీటులో ఉంచి సూత్రాల గడులకు తాళం వేయాలి. నెల ముగియగానే ఆ ఫైలును మార్చడానికి వీలులేకుండా భద్రపరచాలి. లెక్క వేసినవారు గాక రెండవ మనిషి ప్రతి నెలా కనీసం ఇద్దరి కమీషన్ కాగితం మీద వేసి సరిచూడాలి.

టాలీ: బిల్లులు ఉన్న చోటనే లెక్క

మన వైపు వ్యాపార సంస్థలలో చాలా వాటికి ఖాతాలు ఉన్నది టాలీలోనే. బెంగుళూరు సంస్థ తయారుచేసే ఈ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సేల్స్‌మన్‌ను ఒక కాస్టు సెంటరుగా పెట్టి, ఎవరి బిల్లులు వారి పేరున చూపించుకోవచ్చు. బాకీలు బిల్లువారీగా తెలుస్తాయి కాబట్టి వసూలు మీద కమీషన్ ఇచ్చేవారికి ఇది బాగా పనికివస్తుంది. వాపసు సరుకుకు వేసిన క్రెడిట్ నోటు కూడా అక్కడే ఉంటుంది. వేరొక చోటికి వివరాలు మోసుకుపోయే పని లేదు, మోతలో జారిపోయే భయమూ లేదు.

అయితే టాలీ జమాఖర్చుల సాఫ్ట్‌వేర్, ఇన్సెంటివ్ సాఫ్ట్‌వేర్ కాదు. శ్లాబులు, లక్ష్యాలు, పాత నెల తిరిగి లెక్కించడం వంటివి కావాలంటే టాలీ వారి సొంత భాష అయిన టి.డి.ఎల్.లో అదనపు ప్రోగ్రాము రాయించుకోవాలి. స్థానిక టాలీ పార్టనర్లు ఈ పని చేసిపెడతారు. రాసిన మనిషి దొరుకుతున్నంత కాలం బాగానే ఉంటుంది. అతను వేరే పనిలోకి పోతే స్కీము మార్చుకోవడం కష్టమవుతుంది. అందుచేత ప్రోగ్రాము మూలప్రతి తమకు అప్పగించాలని ముందే ఒప్పందంలో రాసుకోవడం అవసరం.

మరొక సంగతి. కంపెనీల చట్టం కింది నిబంధనల ప్రకారం 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే ఖాతాల సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మార్పు తేదీతో సహా నమోదయ్యే ఏర్పాటు ఉండి తీరాలి. పాత చిట్టాలలో అంకెను చెరపడం తప్పు, కొట్టివేసి పక్కన రాయడం పద్ధతి. ఈ నిబంధన సారాంశం అదే. ఖాతాలకు పెట్టిన ఈ నియమాన్ని కమీషన్ లెక్కకు కూడా యజమానులు తమంతట తాము పెట్టుకోవడం శ్రేయస్కరం.

పెద్ద సంస్థల సరంజామా

బ్యాంకులు, బీమా కంపెనీలు, వేల సంఖ్యలో ఏజంట్లున్న తయారీ సంస్థలు వాడేవి వేరు. జర్మనీకి చెందిన శాప్ సంస్థ 2018లో కాలిడస్ అనే అమెరికన్ కంపెనీని సుమారు 240 కోట్ల డాలర్లకు కొని, దాని కమీషన్ సాఫ్ట్‌వేర్‌ను తన సరంజామాలో కలుపుకున్నది. ఒరాకిల్‌కు సొంత ఇన్సెంటివ్ సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఇప్పటికే శాప్‌తోనో ఒరాకిల్‌తోనో వ్యవహారమంతా నడిపేవారికి ఇవి సహజంగా అతుకుతాయి. ఏజంటు, అతనిపైన మేనేజరు, ఆపైన ప్రాంతీయాధికారి అంటూ ఒకే అమ్మకం మీద నాలుగంచెలు కమీషన్ పంచే చోట వీటి అవసరం ఉన్నది. చిన్న డిస్ట్రిబ్యూటరు వీటి జోలికి పోవడం పిచ్చుక గూటికి రైలు దూలం తెచ్చినట్లే. నెలకొల్పడానికి నెలలు పడుతుంది, నడపడానికి వేరే మనుషులు కావాలి.

చందా సాఫ్ట్‌వేర్లు

ఈ రెంటికీ నడుమ, కేవలం కమీషన్ లెక్క కోసమే పుట్టిన చందా సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. వీటిని ఇంటర్నెట్ ద్వారా వాడుకుని మనిషికి ఇంత అని చందా కట్టాలి. అమెరికాలోని శాన్ హోసేలో 2005లో మొదలయిన జాక్ట్‌లీ, అదే సంవత్సరం కెనడాలోని టొరంటోలో మొదలయిన వేరిసెంట్ ఈ రంగంలో పాత కాపులు. పెద్ద సంఖ్యలో సిబ్బంది, చిక్కుముడుల స్కీములు ఉన్నచోట వీటికి పేరున్నది. 2017లో శాన్‌ఫ్రాన్సిస్కోలో వచ్చిన క్యాప్టివేట్‌ఐక్యూ, ఎక్సెల్ అలవాటున్నవారు సొంతంగా సూత్రాలు రాసుకునే తీరులో తయారయింది. స్పిఫ్ కూడా ఆ వరుసలోదే. చెన్నై మూలాలున్న ఎవర్‌స్టేజ్ 2020 తరువాత ఈ బరిలోకి దిగింది.

వీటి గొప్పదనమంతా ఒక్క విషయంలో ఉన్నది. సేల్స్‌మన్ తన ఫోనులో తన కమీషన్ ఏ బిల్లు మీద ఎంత వచ్చిందో నెల మధ్యలోనే చూసుకోవచ్చు. లక్ష్యానికి ఇంకా ఎంత దూరమో తెలుస్తుంది. లెక్క తప్పనిపిస్తే అక్కడే అభ్యంతరం రాయవచ్చు. ఎవరు ఎప్పుడు జవాబిచ్చారో నమోదవుతుంది. రైతు చేతి పట్టీకి దగ్గరగా వచ్చేవి ఇవే.

లోపాలూ ఉన్నాయి. ఇవి ప్రధానంగా సాఫ్ట్‌వేర్ కంపెనీల అమ్మకాలను, విదేశాల బిల్లింగ్ పద్ధతులను దృష్టిలో పెట్టుకుని ఎదిగినవి. టాలీ నుంచి బిల్లులు వాటంతట అవి చేరుతాయా, లేక ప్రతివారం గుమాస్తా ఎక్సెల్ ఫైలుగా తీసి ఎక్కించాలా అన్నది అడగాలి. రెండవదే అయితే పాత మోత బరువు అలాగే ఉన్నట్లు. చందా డాలర్లలో ఉంటే రూపాయి మారకం ధర పడిన కొద్దీ ఖర్చు పెరుగుతుంది. పట్టీ తెలుగులో చూపించగలదా అన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. చదివి అర్థం చేసుకోలేని పట్టీ ఉన్నా లేనట్లే.

దుకాణం చేతులు మారితే?

ఈ రంగంలో యజమానులు తరచు మారుతున్న సంగతి కొనుగోలుదారులు గమనించాలి. వేరిసెంట్‌ను 2012లో ఐబీఎం కొన్నది. పేరు కూడా మార్చింది. 2020లో అది ఐబీఎం చేతి నుంచి పెట్టుబడి సంస్థ చేతికి పోయి మళ్ళీ పాత పేరుతో బయటికి వచ్చింది. జాక్ట్‌లీ 2015లో షేర్లు జారీ చేసి, 2017లో విస్టా అనే పెట్టుబడి సంస్థ పరమయింది. స్పిఫ్‌ను సేల్స్‌ఫోర్స్ సంస్థ కొనడం 2024లో పూర్తయింది. చేతులు మారినందువల్ల సాఫ్ట్‌వేర్ చెడిపోతుందని కాదు. కాని ధరలు, ఒప్పందాలు, ఏ పనిముట్టుతో కలిసి నడుస్తుందన్న సంగతి మారవచ్చు.

కమీషన్ రికార్డు అంటే సిబ్బంది బత్తెం రికార్డు. అయిదేళ్ళ తరువాత తగాదా వచ్చినా చూపించవలసినది. కాబట్టి చందా మానివేసిన రోజున పాత పట్టీలన్నీ మామూలు ఫైళ్ళుగా తమ చేతికి వస్తాయా, ఎన్ని రోజులలో వస్తాయి, దానికి వేరే రుసుము ఉన్నదా అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. సరుకు శీతల గిడ్డంగిలో పెట్టేటపుడు విడిపించుకునే షరతు ముందే చూసుకున్నట్లు ఇదీ చూసుకోవాలి.

చట్టం లెక్కలు

కమీషన్ పుచ్చుకునే మనిషి సంస్థ ఉద్యోగి అయితే అది జీతంలో భాగంగా పన్నుకు వస్తుంది. బయటి ఏజంటు అయితే కమీషన్ మీద టి.డి.ఎస్. వేరుగా కోయాలి. 1961 ఆదాయపు పన్ను చట్టం 194హెచ్ సెక్షను కింద ఈ కోత 2024 అక్టోబరు 1 నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గింది. సంవత్సరానికి 15,000 రూపాయలున్న మినహాయింపు పరిమితి 2025 ఏప్రిల్ 1 నుంచి 20,000 అయింది. ఇద్దరినీ ఒకే జాబితాలో పెట్టి ఒకే రేటు కోసే సాఫ్ట్‌వేర్ పనికిరాదు. రేటుకు తేదీ కట్టి ఉంచగలగాలి. సెప్టెంబరు కమీషన్‌కు సెప్టెంబరు రేటు, అక్టోబరుకు అక్టోబరు రేటు పడాలి.

వేతనాల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి రావడంతో మరొక లెక్క వచ్చిపడింది. వేతనం నిర్వచనంలో నుంచి కమీషన్‌ను మినహాయించారు. అయితే కోడ్‌లో పేర్కొన్న మినహాయింపులన్నీ కలిపి మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే, మించిన భాగం తిరిగి వేతనంగానే లెక్కకు వస్తుంది. తక్కువ జీతం, ఎక్కువ కమీషన్ పద్ధతిలో మనుషులను పెట్టుకునే సంస్థలకు ఇది ముఖ్యమైన మార్పు. మంచి నెలలో సగం దాటే మనిషి, మందకొడి నెలలో దాటకపోవచ్చు. కమీషన్ లెక్క జీతాల లెక్కకు నెల నెలా అంది తీరాలి. ఈ విషయంలో ఆడిటరు సలహా లేకుండా సాఫ్ట్‌వేర్ అమ్మేవారి మాట మీద నిర్ణయం తీసుకోరాదు.

అసలు ఖర్చు ఎంత?

చందా సాఫ్ట్‌వేర్ కంపెనీలు చాలావరకు ధరను బేరం తరువాతనే చెబుతాయి. మనిషికి నెలకు ఇంత అన్న అంకె చూసి పోల్చుకుంటే మోసపోతారు. 25 మంది సేల్స్‌మన్లున్న సంస్థకు మనిషికి నెలకు 800 రూపాయల చందా, మొదట నెలకొల్పడానికి 3 లక్షలు చెప్పారనుకోండి. ఈ అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. మూడేళ్ళ చందా 7,20,000, నెలకొల్పే ఖర్చు కలిపి 10,20,000 అవుతుంది. అంటే మనిషికి నెలకు పడేది 800 కాదు, 1,133 రూపాయలు. స్కీము మార్చిన ప్రతిసారీ వారి మనిషిని పిలవవలసి వస్తే ఆ ఖర్చు దీనికి అదనం. దీనికి ఎదురుగా గుమాస్తా నెలలో ఎన్ని రోజులు కమీషన్ లెక్కకే పోగొడుతున్నాడు, తగాదాలకు ఎన్ని లైన్లు తప్పుతున్నాయి అన్నది రాసి చూసుకోవాలి. కొందరికి కొనడమే లాభమని తేలుతుంది, కొందరికి కొనకపోవడమే లాభమని తేలుతుంది.

సాఫ్ట్‌వేర్ బాగు చేయలేనిది

లెక్క ఎంత శుద్ధంగా ఉన్నా స్కీము తప్పుడుదైతే ఫలితం తప్పుడుదే. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది మీద అమ్మకాల లక్ష్యాల ఒత్తిడి ఎంతగా ఉన్నదంటే, వారు ఖాతాదారులకు తెలియకుండానే లక్షల సంఖ్యలో ఖాతాలు తెరిచారు. 2016లో ఆ బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అక్కడ లోపించింది కంప్యూటర్లు కావు.

సరుకుల వ్యాపారంలో దీనికి సాటి వచ్చేది నెలాఖరు బిల్లింగు. లక్ష్యం కోసం 30వ తేదీన డీలరు గోదాములోకి సరుకు తోసి, 5వ తేదీన వాపసు తెచ్చుకోవడం వర్తకులకు తెలియని విద్య కాదు. బిల్లు మీద కమీషన్ ఇచ్చే స్కీము ఈ అలవాటును పెంచుతుంది. వసూలు మీద ఇచ్చే స్కీము దానిని తగ్గిస్తుంది. ఏది కావాలో యజమాని తేల్చుకోవాలి.

పాత నెలతో పరీక్ష

ఎంపికకు దిగినవారు అమ్మేవారి నమూనా లెక్కలు చూసి తృప్తి పడరాదు. తమ పాత నెలలు మూడు తీసి ఇవ్వాలి. ఒకటి మామూలు నెల, ఒకటి వాపసులు ఎక్కువగా వచ్చిన నెల, ఒకటి స్కీముగాని లైనుగాని మధ్యలో మారిన నెల. సాఫ్ట్‌వేర్ వేసిన లెక్కను అప్పట్లో ఇచ్చిన కమీషన్‌తో పైసలతో సహా సరిపోల్చాలి. తేడా వచ్చిన చోట ప్రతిసారీ సాఫ్ట్‌వేరే తప్పని అనుకోనవసరం లేదు. పాత లెక్కలో సేల్స్‌మన్‌కు తక్కువ ముట్టినట్లు బయటపడితే బాకీ తీర్చివేయడం మర్యాద. కొత్త పద్ధతి మీద నమ్మకం కలగడానికి అంతకు మించిన సాధనం లేదు.

ముగిసిన నెలలో తప్పు దొరికితే ఏమి చేస్తుందో కూడా చూడాలి. పాత పట్టీని మార్చివేసేది మంచిది కాదు. పాతది అలాగే ఉంచి, సవరణను వచ్చే నెల పట్టీలో కారణంతో సహా వేరే వరుసగా చూపేదే మంచిది.

ఎవరికి ఏది?

స్థూలంగా చెప్పాలంటే, పదిమంది లోపు సేల్స్‌మన్లు, ఒకే స్కీము ఉన్నవారికి పైన చెప్పిన జాగ్రత్తలతో ఎక్సెల్ చాలు. ఖాతాలు టాలీలో ఉండి, వసూలు మీద కమీషన్ ఇచ్చే మధ్యతరగతి డిస్ట్రిబ్యూటర్లు ముందుగా టాలీలోనే అదనపు ప్రోగ్రాము రాయించుకుని చూడవచ్చు. స్కీములు తరచు మారుతూ, వివిధ జిల్లాలలో యాభై, వంద మంది తిరిగే బ్రాండు కంపెనీలకు చందా సాఫ్ట్‌వేర్లు పరిశీలించదగినవి. వేల మంది ఏజంట్లు, అంచెలంచెల కమీషన్ ఉన్నవారికే శాప్, ఒరాకిల్, వేరిసెంట్, జాక్ట్‌లీ వంటి వాటి అవసరం ఉన్నది. సేల్స్‌మన్ల సంఖ్య కన్న స్కీములోని చిక్కుముడుల సంఖ్యే ఎక్కువ ముఖ్యం. ముడులు కొన్ని విప్పుకుంటే ఒక మెట్టు కింది సాఫ్ట్‌వేరే సరిపోవచ్చు.

అడ్వాన్సు ఇచ్చే ముందు చివరి పరీక్ష ఒకటి ఉన్నది. సాఫ్ట్‌వేర్ తీసిన ఒక నెల పట్టీని అచ్చు వేయించి, చదువు తక్కువైనా లెక్కలో గట్టివాడైన ఒక పాత సేల్స్‌మన్ చేతికి ఇవ్వాలి. పక్కన ఎవరూ నిలబడి వివరించరాదు. తన జేబు పుస్తకం తీసి వరుస వరుసా పోల్చి, లెక్క సరిపోయిందని అతను తనంతట తాను చెప్పగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ కొనదగినది. చెప్పలేకపోతే ఎంత పేరున్నదైనా మరొకటి చూసుకోవడం మంచిది.